పసుపు స్టిక్కరు వారాల్లో చీమలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, జ్ఞాపకశక్తిని పెంచే ఒక కొత్త మందుని కోతుల మీద పరీక్షించే పని నాకు అప్పగించారు. నా హోదా స్టడీ డైరెక్టర్. పేరు విని పెద్ద వైభవం ఊహించుకోకండి. పరీక్షలో ఏది బాగా జరిగినా కంపెనీది, ఏది తప్పినా స్టడీ డైరెక్టర్‌ది, అంతే. కాకినాడ దగ్గర పుట్టి, వెటర్నరీ చదివి, ఇరవై ఎనిమిదేళ్లు ల్యాబుల్లోనే గడిపాను. అప్పటికి రిటైర్మెంటుకి పది నెలలుంది. ఇదే నా చివరి స్టడీ అని అందరికీ తెలుసు.

మా ల్యాబు నానక్‌రామ్‌గూడలో, చుట్టూ రాళ్లూ తుప్పలూ ఉన్న రోజుల్లో కట్టిన రెండంతస్తుల బిల్డింగు. తర్వాత దాన్ని మధ్యలో పెట్టి నాలుగువైపులా అద్దాల టవర్లు లేచాయి. పక్క టవర్ పదో అంతస్తులో కాఫీ కప్పు పట్టుకుని మా డాబా వైపు చూసే సాఫ్ట్‌వేర్ పిల్లలకి, ఆ డాబా కింద ఎనిమిది కోతులు వాళ్లలాగే పొద్దున్నే తెరల ముందు కూర్చుంటాయని తెలీదు. నేను ప్రగతి నగర్ నుంచి ఆ టవర్లవాళ్లతో కలిసి ఆఫీసు బస్సులో వచ్చేదాన్ని. దారంతా కిటికీ పక్కన కునికిపాట్లు పడే ఆ పిల్లల్ని చూస్తే, మందు కోతులకన్నా వీళ్లకే అవసరమనిపించేది.

మందు తయారుచేసిన కంపెనీ చిన్నది, కొత్తది, ఆఫీసు పక్క టవర్లోనే. కాగితం మీద అది మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ల కోసం. మీటింగుల్లో మాత్రం ఆ కంపెనీవాళ్ల చూపు కిటికీ బయట టవర్లలో పనిచేసే కుర్రాళ్ల మీదే ఉండేది. ఎలుకల్లో బాగా పనిచేసిందన్నారు. మనుషులకి ఇవ్వబోయే ముందు కోతుల్లో చూపించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది, ఎనిమిది రీసస్ కోతులు కేటాయించారు, పని మొదలైంది.

కోతి జ్ఞాపకశక్తిని ఎలా కొలుస్తారని నన్ను పెళ్లిళ్లలో కూడా అడుగుతుంటారు. చెప్తాను. కోతి ముందు టచ్ స్క్రీన్ ఉంటుంది. దాని మీద ఒక బొమ్మ వస్తుంది, ఎర్ర త్రిభుజమో ఆకుపచ్చ గీతలో. కోతి దాన్ని తాకగానే మాయమైపోతుంది. తెర కాసేపు నల్లగా ఉంటుంది, ఒక్కోసారి ఐదు సెకన్లు, ఒక్కోసారి పూర్తి నిమిషం. తర్వాత నాలుగు బొమ్మలు ఒకేసారి వస్తాయి. ఇందాక చూసినదాన్ని తాకితే అరటిపండు రుచి ఉన్న బిళ్ల ఒకటి గిన్నెలో పడుతుంది. తప్పు తాకితే ఏమీ పడదు. ఐదు సెకన్లకి దాదాపు అన్నీ సరిగ్గానే చెప్తాయి. నిమిషం అయ్యేసరికి తడబడతాయి. మందు నిజంగా పనిచేస్తే ఆ నిమిషం దగ్గర తడబాటు తగ్గాలి. బిళ్ల మీద ఆశ ఉండాలి కాబట్టి ముందురోజు సాయంత్రం తిండి అయ్యాక, మళ్లీ పరీక్ష అయ్యేదాకా నీళ్లు తప్ప ఏమీ పెట్టం. పరీక్ష అవగానే కడుపునిండా పెడతాం.

మందుతో పాటు డమ్మీ మందు కూడా ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదానిలో సరుకుంటుంది, రెండోదానిలో ఉండదు. ఒక సీసాకి పసుపు స్టిక్కరు, ఇంకోదానికి నీలం. ఏది అసలు మందో మా ఫార్మసిస్టుకి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆ రహస్యాన్ని కోడ్ అంటాం, సీలు వేసిన కవర్లో పెట్టి బీరువాలో తాళం వేస్తాం. తెలిస్తే మనకి తెలియకుండానే మన చెయ్యి ఒకవైపు మొగ్గుతుంది. చివర్లో లెక్కలన్నీ అయ్యాకే కవరు విప్పుతాం.

స్టిక్కర్లు వెయ్యకముందు, పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పే ప్రోటోకాల్ రాసే మీటింగులో ఫార్మసిస్టు ఒక మాటన్నాడు. అసలు మందు బాగా చేదు, డమ్మీకి ఏ రుచీ లేదు, రెండూ ఒకే చేదుగా ఉండేలా కలపమంటారా, అయితే ఇంకో మూడు వారాలు పడుతుంది అన్నాడు. నేను నవ్వి, "ఏదండీ చేదో కోతులొచ్చి మనకి చెప్తాయా ఏంటి?" అన్నాను. అందరూ నవ్వారు. మూడు వారాలు మిగిలాయని ల్యాబు మొత్తానికి పెద్ద అయిన మా సైట్ హెడ్ సంతోషించాడు. ఆ జోకు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మందు నోట్లో పోసేది నర్సింలు. యానిమల్ కీపర్. నాకన్నా రెండేళ్లు పెద్ద. నారాయణపేట వైపు నుంచి కూలి పనికి వచ్చి, పక్క టవర్లలో ఒకదానికి ఇటుకలు మోసి, అది పూర్తయ్యాక మా దగ్గర చేరాడు. కాంట్రాక్టు మనిషి, పదకొండేళ్లుగా కాంట్రాక్టే. నేను "నర్సింలు గారూ" అంటే మొదట్లో వెనక్కి తిరిగి ఎవరినో చూసేవాడు. కోతులకి మేము ఛాతీ మీద పచ్చబొట్టు నంబర్లు వేస్తే, ఆయన పేర్లు పెట్టుకున్నాడు: సర్పంచ్, లాయర్, చిన్నక్క, ఇలా. సిరంజి చూడగానే వేరేవాళ్లకి పళ్లు చూపించే సర్పంచ్ ఆయన దగ్గరికి మాత్రం వచ్చి నోరు తెరిచేవాడు. గొట్టం వేసి కడుపులోకి మందు పంపే బాధ వాటికి తప్పిందంటే ఆయన వల్లే. గౌను, రెండు జతల గ్లవ్స్, మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ షీల్డ్, ఇన్ని తగిలించుకున్నా అవి ఆయన్ని అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టేవి.

కోతులు రెండు గదుల్లో నాలుగేసి ఉండేవి. మొదటి వారం ఒకటో గదికి పసుపు, రెండో గదికి నీలం. తర్వాత ఒక వారం ఖాళీ, ఒంట్లో మందు పోవడానికి. మూడో వారం తారుమారు. ఇలా మొత్తం ఎనిమిది వారాలు. టెక్నీషియన్ సీసా చూసి, మోతాదు చూసి, నర్సింలు మందు పోయగానే టైము రాసుకుని, తెరలు ఆన్ చెయ్యడానికి పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. నేను అద్దం వెనకాల అంకెలు చూసుకునేదాన్ని. అంతా గడియారంలా నడిచింది. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క కోతి జబ్బు పడలేదు.

కవరు విప్పాం. పసుపు అసలు మందు. పసుపు వారాల్లో నిమిషం తర్వాత కూడా కోతులు టకటకా సరైన బొమ్మ తాకాయి. ఎనిమిదింటికి ఎనిమిదీ. ఆ కంపెనీవాళ్లు పక్క టవర్ నుంచి పరిగెత్తుకొచ్చారు, స్వీట్ల పెట్టెలొచ్చాయి, సైట్ హెడ్ నాకు శాలువా కప్పాడు. రిటైరయ్యాక కన్సల్టెంటుగా ఉండమని కూడా అప్పుడే అడిగాడు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లలో ఇంత శుభ్రమైన ఫలితం నా చేతుల మీదుగా రాలేదు.

ఇక మిగిలింది రిపోర్టు మీద సంతకం. సంతకానికి ముందు స్టడీకి సంబంధించిన ప్రతి కాగితం చూడాలని నియమం. చాలామంది అంకెలు చూసి వదిలేస్తారు. నాకు మాత్రం గది శుభ్రం చేసే రిజిస్టరు దాకా చదివే చాదస్తం ఉంది. ఆ రిజిస్టరు నర్సింలు రాసేవాడు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. "నీళ్లు మార్చిన." "లైటు ఖరాబైంది, చెప్పిన." మొదటి వారం ఒకటో గది పేజీలో: "చీమలు వచ్చినయి. తుడిచిన." నవ్వుకుని పేజీ తిప్పాను. మూడో వారం రెండో గదిలో: "చీమలు వచ్చినయి. తుడిచిన." ఐదో వారం మళ్లీ ఒకటో గది. ఏడో వారం మళ్లీ రెండో గది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మందిచ్చిన చార్టు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. చీమలు పసుపు స్టిక్కరు వెంట గది మారుతున్నాయి. నీలం ఇచ్చిన గదిలో ఒక్క చీమ లేదు.

మర్నాడు పొద్దున్నే ట్రేలు కడిగే గదిలోకి వెళ్లాను. నర్సింలు జామకాయలు కడుగుతున్నాడు. చీమల సంగతేంటని అడిగాను.

"బెల్లానికొచ్చినయి మేడం," అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

"బెల్లం ఎక్కడిదండీ?"

"సాయంత్రం పల్లీ ముద్దలు కడ్తం గద, గా బెల్లమే. పసుపుది మస్తు చేదుంటది మేడం. నోట్ల వడంగనే ముఖం గిట్ల పెడ్తయి." ముఖం అష్టవంకర్లు తిప్పి చూపించాడు. "గందుకే తలా ఒక ముక్క నోట్ల వెట్టిన. ఇంట్ల పోరగాళ్లకు చేదు మందు వోస్తే వెట్టమా?"

నీలం దానికి పెట్టలేదా అన్నాను. దానికెందుకు, అది నీళ్ల లెక్క తాగుతయి అన్నాడు. పరీక్ష అయ్యేదాకా తిండి పెట్టొద్దని చెప్పాను కదండీ అంటే, నావైపు వింతగా చూశాడు. "తిండి పెట్టలే మేడం. బెల్లంముక్క తిండెట్లయితది? అది మందు దిగుతందుకు."

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. మొదట ఆయన మీద ఒళ్లు మండింది, తర్వాత నా మీద. ఖాళీ కడుపు మీద తీపి పడితే కాసేపు బుర్ర చురుగ్గా పనిచేస్తుందన్నది మాకు తెలిసిన సంగతే. పోనీ అదీ కాదు, చేదు తర్వాత తీపి దొరికిన సంతోషానికే అవి కుదురుగా తెర ముందు కూర్చున్నాయేమో. ఏదో నాకు తెలీదు. మందు పనిచేసిందో బెల్లం పనిచేసిందో చెప్పే దారి మాత్రం లేదు. కోడ్ తెలియకూడదని మేమందరం బీరువాలకి తాళాలు వేసుకుంటే, ఆయనకి మొదటి రోజు పొద్దున్నే తెలిసిపోయింది. ఎవరం అడగలేదు.

విషయం ఆయనకి విడమరిచి చెప్పాను. ఆయన చేతిలో జామకాయ అలాగే పట్టుకుని విన్నాడు. దాన్ని ట్రేలో పెట్టి, "పని పోతదా మేడం?" అన్నాడు. ఆయన భార్యకి కిడ్నీలు చెడిపోయాయి. ఈయన ఈఎస్ఐ కార్డు మీద వారానికి రెండుసార్లు డయాలసిస్. పని పోతే కార్డు పోతుంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

సైట్ హెడ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన తలుపు వేసి, కంగారు పడకుండా, "చీమలు ఎక్కడైనా వస్తాయండి మేడం. బెల్లం మాట కాగితం మీద ఎక్కడుంది?" అన్నాడు. ఎక్కడా లేదు. నేనూ నర్సింలూ నోరు మెదపకపోతే అది లేనట్టే. "మీరు రాశారనుకోండి, ముందు పోయేది అతని ఉద్యోగమే. పాపం భార్య డయాలసిస్ అని మీరే అంటున్నారు. ఆలోచించండి," అన్నాడు.

ఆలోచించాను. రెండు రోజులు రిపోర్టు బల్ల మీద పెట్టుకుని ఆలోచించాను. నేనేదో సత్యసంధురాలినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ రెండు రోజులూ నా మనసు సంతకం పెట్టెయ్యమనే చెప్పింది. పైగా అది దయ అని కూడా చెప్పింది. ఒక పేదవాడి కడుపు కొట్టడం దేనికి, తర్వాత మనుషుల్లో పరీక్షలు చేస్తారుగా, పనిచెయ్యకపోతే అక్కడే తేలుతుందిలే అని.

మూడో రోజు మధ్యాహ్నం నర్సింలు నా గది తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అలా ఎప్పుడూ వచ్చేవాడు కాదు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఒక మాట అడగాలన్నాడు.

"గా మందు మంచిగ పనిజేస్తదో లేదో మీకు తెల్వదన్నరు గద మేడం. తెల్వకుంటనే మనుషులకు ఇస్తరా?"

నేను రిపోర్టు మూసి పక్కన పెట్టాను.

"మా ఆమెకు గూడ దవాఖానల ఇట్లనే ఇస్తున్రా? జర చెప్పుండ్రి. అదే ఫికరైతాంది, రెండు దినాలసంది నిద్ర వడ్తలేదు."

నా ఎదురుగా నిలబడి ఆయన అడుగుతున్నది తన ఉద్యోగం గురించి కాదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అలా ఇవ్వరండీ, అలా ఇవ్వకుండా చూడ్డానికే నాలాంటివాళ్లకి జీతం ఇస్తారు అని చెప్పాను. చెప్పాక ఇక వెనక్కి వెళ్లడానికి లేదు.

ప్రోటోకాల్లో రాసినదానికి భిన్నంగా ఏది జరిగినా దాన్ని డీవియేషన్ అంటాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, బాధ్యత ఎవరిది అని ఫారంలో మూడు గళ్లుంటాయి. సైట్ హెడ్ చివరికి రాయడానికి ఒప్పుకున్నాడు గానీ, మూడో గడిలో కీపర్ అని రాయమన్నాడు. ట్రైనింగ్ ఇచ్చాం, సంతకం పెట్టాడు, అయినా తప్పు చేశాడు, తీసేశాం, అయిపోతుంది అన్నాడు. ఆ ట్రైనింగ్ కాగితం తెప్పించాను. పన్నెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. కింద నర్సింలు తెలుగు సంతకం. దాని పక్కన "చదివి వినిపించాను, అర్థమైంది" అన్నచోట నా సంతకం. ఆ రోజు నాకు గుర్తుంది. రెండు మీటింగుల మధ్య పది నిమిషాల సందులో, నిలబడే, ఆ పన్నెండు పేజీల్ని నాలుగు ముక్కల్లో చెప్పేసి వెళ్లిపోయాను. ఆ నాలుగు ముక్కల్నీ ఆయన తూచా తప్పకుండా పాటించాడు.

మూడో గడిలో నా పేరు రాశాను. డమ్మీకి చేదు కలపమని ఫార్మసిస్టు చెప్పినా వద్దన్నది స్టడీ డైరెక్టర్. కీపర్‌కి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఏమీ ఇవ్వనిది స్టడీ డైరెక్టర్. చీమల సంగతి దాచకుండా రిజిస్టరులో రాసి, అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పినవాడు కీపర్ ఒక్కడే. ఈ కోతులు ఆయన చేతి మందు మాత్రమే తాగుతాయి కాబట్టి, స్టడీ మళ్లీ చెయ్యాలంటే ఆయన్ని కొనసాగించడం తప్పనిసరి. ఈ ఆఖరి వాక్యం రాయడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే ఆయన్ని నిలబెట్టేది అదొక్కటే.

నిలబెట్టింది. మందు కంపెనీవాళ్లు నానా గొడవ చేశారు గానీ, మళ్లీ చెయ్యక తప్పదని వాళ్లకీ తెలుసు. నర్సింలుని ముట్టుకోలేదు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. కన్సల్టెంటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రెండోసారి రెండు సీసాలూ ఒకే చేదు, ఏ స్టిక్కరు దేనిదో మళ్లీ కొత్త కవర్లో. ప్రోటోకాల్ తెలుగులో రాయించి, నర్సింలుతో చదివించి, బెల్లం పేరు ఎత్తి మరీ వద్దని చెప్పాను. మొదటి రోజు నేనూ గౌను వేసుకుని ఒకటో గదిలో నిలబడ్డాను. మందు పొయ్యగానే సర్పంచ్ ముఖం వంకర తిప్పి, కడ్డీల మధ్య నుంచి చెయ్యి చాపాడు. పక్క బోనులో చిన్నక్క కూడా. నాలుగూ అలాగే చేతులు చాపి కూర్చున్నాయి. బొమ్మలు నిమిషం తర్వాత మర్చిపోయే కోతులు బెల్లంముక్కని ఇన్ని వారాల తర్వాత కూడా మర్చిపోలేదు. నర్సింలు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడవైపు తిరిగాడు. "నాతోని కాదు మేడం, ఇంకొకల్లను పెట్టుండ్రి," అన్నాడు. ఇంకొకళ్ల చేతి మందు అవి తాగవని ఆయనకీ తెలుసు. చివరికి ఆయనే సిరంజి తీసుకుని రెండో గదిలోకి వెళ్లాడు. ఎనిమిది వారాలూ ఆయనే పోశాడు.

కోడ్ విప్పాం. పసుపుకీ నీలానికీ తేడా లేదు. మందు ఆగిపోయింది. పక్క టవర్లో ఆ కంపెనీ బోర్డు ఉన్నచోట ఇప్పుడు వేరే పేరు ఉంది.

నా ఆఖరి వారంలో ఎనిమిది కోతుల్నీ పునరావాస కేంద్రానికి పంపించాం. పరీక్షలు పూర్తయిన జంతువుల్ని అలా పంపాలన్నది నియమం. బయల్దేరే రోజు పొద్దున నేనొక ఫారం రాశాను: తలా ఒక బెల్లంముక్క, ఇచ్చేవారు నర్సింలు, అనుమతి నాది. ఆయన ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గూడ సంతకమేనా మేడం?" అన్నాడు. కావాలన్నాను. పెట్టి లోపలికెళ్లాడు. ఆ రోజు రిజిస్టరులో ఆయన చివరి వాక్యం: "బెల్లం పెట్టిన. చీమలు వస్తయి."

నర్సింలు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. ఆయన భార్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్ నడుస్తోంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పగలిగేది ఒక్కటే. సంతకం పెట్టించుకునే ముందు ఆ పని చేసే మనిషిని కూర్చోబెట్టి, పొద్దున్న లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఏమేం చేస్తారో ఆయన మాటల్లోనే చెప్పమనాలి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా పెన్ను మూత తియ్యకూడదు. ఇరవై ఎనిమిదేళ్లు నేను మూత తీసిన పెన్నుతోనే ఆ గదుల్లోకి వెళ్లాను.